శాంతి ముందా, సుఖము ముందా?

శ్రీకాకుళమునకు ఇంచుమించు పదమూడు కిలోమీటర్ల దూరమున, సముద్రమునకు చేరువగా నున్న శ్రీకూర్మక్షేత్రమునందు, కూర్మనాథుని యాలయస్తంభములపై చెక్కబడిన పెక్కు శాసనములలో క్రీ.శ. 1281 నాటి దొకటి, ద్వైతమతాచార్యులైన ఆనందతీర్థుల శిష్యులగు నరహరితీర్థులను గూర్చి చెప్పుచున్నది. గాంగరాజుల కాలమున కళింగరాజ్యభారమును వహించి, శబరుల దాడినుండి ఆ సీమను కాపాడి, కూర్మనాథుని సన్నిధిని యోగానందనృసింహునకు గుడి కట్టించిన ఆ యతి, ఒకచేత కత్తియు నొకచేత దండమును పట్టి యెట్లు నెగ్గుకొని వచ్చెనా యని చరిత్రకారు లాశ్చర్యపడుదురు. నాకు తోచు నాశ్చర్యము వేఱు. సుఖమనగా నేమి, ఆనందమనగా నేమి, శాంతియనగా నేమి యను ప్రశ్నకు ఈ దేశమున పుట్టిన సమాధానములలో చాలభాగము, ఏదో యొక కాలమున ఈ నాగావళీ వంశధారల సీమను త్రొక్కి పోయినవే. శాలిహుండము కొండమీద బౌద్ధులు, రామతీర్థపు గుట్టలమీద బౌద్ధులును జైనులును, శ్రీకూర్మమున మాధ్వులు, వారి పిమ్మట చైతన్యుడు, బొబ్బిలి చెంత పుట్టిన కావ్యకంఠ గణపతిముని, విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసు, గురజాడ అప్పారావు: ఈ సీమను ఒక చుట్టు చుట్టివచ్చినచో ఆ వాదమంతయు చుట్టివచ్చినట్లే యగును.

నేటి ప్రవచనములయందు సుఖము, ఆనందము, శాంతి యను ఈ మూటిని నిచ్చెనమెట్లుగా చూపుట పరిపాటి యైనది. ఇంద్రియములకు కలుగునది సుఖము, అది క్షణికము గనుక క్రిందిమెట్టు. మనస్సునకు కలుగునది ఆనందము, అది కొంత నిలుకడ గలది గనుక నడిమిమెట్టు. ఆత్మకు చెందినది శాంతి, అది శాశ్వతము గనుక పైమెట్టు. క్రిందిదానిని విడిచినగాని పైది యందదు. వినుట కిది సొంపుగనే యుండును గాని, మూలగ్రంథములను ఒక్కమారు తిరుగవేసినవారి యెదుట నిలువదు. ఏ మెట్టు పైది, ఏది క్రింది దను విషయమున శాస్త్రములు తమలో తామే శతాబ్దముల తరబడి పోట్లాడుకొన్నవి. ఆ పోరును పైపైన సర్ది, అన్నియు నొక్కటియే చెప్పుచున్నవనుట వినయమువలె కానవచ్చు సోమరితనము. విచారింపవలసిన ప్రశ్నలు రెండు. దుఃఖము లేకపోవుటయే పరమావధియా, దానికి మించిన రుచి యేదైన కలదా? శాంతి యనునది సుఖములన్నియు ముగిసిన వెనుక లభించు ఫలమా, సుఖమునకే ముందు కావలసిన కారణమా? మొదటి ప్రశ్నకు నిర్ణయము నేటికిని లేదు. రెండవదానికి మాత్రము, మనవారిలో పెద్దలనేకులు, మన మనుకొనుదానికి తలక్రిందులుగా ఉత్తరము చెప్పిరని నా యభిప్రాయము.

చార్వాకుని త్రోసిపుచ్చుట సులభమని తలచువారు పదునాలుగవ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహమున మాధవాచార్యుడు ఆ మతమును వివరించిన తీరు చూడవలయును. ముండ్లున్నవని చేపను, ఊకయున్నదని వడ్లను విడిచిపెట్టు వాడెవ్వడని చార్వాకు లడుగుదురట. బెస్తపల్లెలును వరిమళ్లును పక్కపక్కనే యుండు శ్రీకాకుళపు తీరమున ఈ మాటకు వ్యాఖ్యానమక్కఱలేదు. దుఃఖముతో కలిసి వచ్చుచున్నదన్న మాత్రమున సుఖము హేయము కాదను నంతవఱకు ఆ వాదమునకు వైదికులును లోబడినవారే. లేనియెడల కామమును పురుషార్థములలో లెక్కించి యుండెడివారు కారు. భేదమంతయు తరువాతి యడుగున కలదు. వేయేండ్లు పుత్రుని యౌవనమునుగూడ ననుభవించి, అనుభవముచేత కోరిక చల్లారదని తేల్చిన యయాతి కథ నన్నయ యాదిపర్వము చదివినవారికి క్రొత్త కాదు. మూడడుగులతో తృప్తిపడనివానికి ద్వీపములన్నియు నిచ్చినను చాలవని బలితో వాదించిన పోతన వామనుడును మనకు చిన్ననాటి చుట్టమే.

తైత్తిరీయోపనిషత్తులోని యానందవల్లి ఈ విషయమున గణితజ్ఞుల ధైర్యమును చూపినది. యువకుడును, సాధువును, విద్యావంతుడును, దృఢకాయుడును నగు నొకడు సర్వసంపదలతో నిండిన భూమి నంతటిని ఏలినచో వాని యానందము ఒక మానుషానందము. దానికి నూఱురెట్లు మనుష్యగంధర్వులది. దానికి నూఱురెట్లు దేవగంధర్వులది. ఇట్లే పితృదేవతలు, దేవతలలోని తెగలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి యనుచు పదిమార్లు నూఱేసి రెట్లు హెచ్చించి బ్రహ్మానందమును చేరును. కొలత మొదలైనది ఆరోగ్యము, యౌవనము, విద్య, ధనము అను లౌకికసుఖముతోడనే. ఋషి దానిని తూలనాడలేదు. రథసప్తమినాడు ఆరోగ్యము కోరి అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిముందు బారులు తీరు జనము ఉపనిషత్తుయొక్క మొదటి లెక్కకు లోబడియే నిలిచియున్నది. అయితే రెండవ మెట్టు మొదలుకొని ప్రతి మెట్టునను, కామముచేత దెబ్బతినని శ్రోత్రియునకు ఆ యానందము అప్పటికే యున్నదని ఋషి పల్లవివలె చెప్పుచు పోయెను. ఇంద్రపదవి నెక్కినవాని కెంతయో, ఎక్కవలెనను తాపత్రయము లేక కూర్చున్నవానికిని అంతయే. నిచ్చెన యెక్కుచున్నంతసేపును నిచ్చెన యక్కఱలేనివాడు ప్రక్కన నుండుట ఈ లెక్కలోని చమత్కారము.

ఈ యొక్క ఘట్టమునుండియే రెండు మతములు రెండు దారులు పట్టినవి. శంకరుల దృష్టిలో ఈ మెట్లన్నియు కొలతకు లొంగని యొక్క యానందమును చూపుటకైన గుఱుతులు మాత్రమే. చూచిన పిమ్మట మెట్లు లేవు. నరహరితీర్థుల గురుపరంపర మెట్లను చెఱుపుటకు సమ్మతింపదు. ముక్తిలో సైతము జీవులకు ఆనందతారతమ్యము కలదనియు, చతుర్ముఖబ్రహ్మ మొదలు సామాన్యజీవునివఱకు ఎవరి యోగ్యతకు తగినంత వారికనియు వారి సిద్ధాంతము. మోక్షమునకు పోయినను తేడాలు తప్పవా యని నవ్వవచ్చును గాని, వారి సమాధానము వినదగినది: నిండుబిందె ప్రక్కన నిండుచెంబునకు కొఱత యేమున్నది? ఎక్కువతక్కువలు ఉండియు అసూయ లేని స్థితిని ఊహించుట, తేడాలనే తుడిచివేయుటకన్న కష్టమైన పని. ఈర్ష్య లేకుండుటను శాంతికి గుఱుతుగా తీసికొన్నచో మాధ్వులు శాంతిని సామాన్యముగా కొలువలేదు. నాకు అద్వైతమువైపు మొగ్గు. విద్యారణ్యుల పేర ప్రసిద్ధమైన పంచదశి చివరి యైదు ప్రకరణములును ఆనందమును గూర్చినవే. వానిలో తుదిదానికి విషయానందమని పేరు. కోరిన వస్తువు చేతికందిన క్షణమున కోరిక యణగి, మనస్సు నిలుకడపడి, స్వరూపానందము దానియందు ప్రతిఫలించుననియు, మనము ఆ రుచిని వస్తువునకు కట్టబెట్టుదుమనియు అందు నిరూపింపబడినది. సుఖమును తిట్టకయే దాని గుట్టు విప్పిన వాదమిది. ఇందు సుఖము శాంతియొక్క ఫలమగుచున్నదని చదువరి గమనింపవలయును.

మాధ్వులు నిలిచిన శ్రీకూర్మమునకే 1510 ప్రాంతమున దక్షిణయాత్ర చేయుచు చైతన్యుడు వచ్చినట్లు కృష్ణదాస కవిరాజు చైతన్యచరితామృతమున వ్రాసెను. కూర్ముడను పేరుగల బ్రాహ్మణుని యింట ఆతిథ్యము గొని, వాసుదేవుడను కుష్ఠురోగిని కౌగిలించి స్వస్థుని చేసెనని కథ. ఆ సంప్రదాయమున రూపగోస్వామి చెప్పినది వినిన మన నిచ్చెన పూర్తిగా తిరుగబడును. బ్రహ్మానందమును పరార్ధముచేత హెచ్చించినను భక్తిసుఖసముద్రమున నొక పరమాణువునకును సాటిరాదని యాయన తీర్పు; శాంత, దాస్య, సఖ్య, వాత్సల్య, మధురములను పంచరసములలో ఆయన శాంతమునకు ఇచ్చినది మొదటిమెట్టు, అనగా మిగిలిన నాల్గింటికిని క్రిందిది. శాంతియే పైమెట్టని మైకులముందు నొక్కి చెప్పువారు ఈ మతమును గూర్చి పెదవి కదపరు.

శాలిహుండము బౌద్ధులు చెప్పినది మఱియొకటి. వంశధార యొడ్డున, కొండవాలున నేటికిని ఇటుకల చైత్యములును స్తూపముల పునాదులును కనిపించు ఆ చోట శతాబ్దముల తరబడి వల్లింపబడిన బుద్ధవచనములలో, ఉదాయి శారిపుత్రు నడిగిన ప్రశ్నయు నుండకపోదు: వేదనయే లేని నిర్వాణమున సుఖమేమని అతడడుగగా, వేదన లేకపోవుటయే యందలి సుఖమని శారిపుత్రుడు బదులు చెప్పెను. రామతీర్థమున తీర్థంకరుల విగ్రహములను ప్రతిష్ఠించిన జైనులు దీని కొప్పుకొనరు. ముక్తజీవునకు అనంతజ్ఞానముతోపాటు అనంతసుఖమును వారు కూర్చిరి. విచిత్రమేమనగా, వైదికులలో నైయాయికులు ఈ విషయమున జైనులకన్న బౌద్ధులకే దగ్గఱివారు. దుఃఖముయొక్క ఆత్యంతికనివృత్తియే అపవర్గమని గౌతమసూత్రము. నిత్యసుఖము మీద రాగముతో మోక్షమునకు పోవువాడు ఆ రాగముచేతనే బద్ధుడగునని భాష్యకారుడు వాత్స్యాయనుని హెచ్చరిక. ఇట్టి రాతిమోక్షమును బోధించిన గౌతముడు పేరునకు తగిన గోవే యని శ్రీహర్షుడు నైషధమున ఒక పాత్రచేత వెక్కిరింపించెను. వెక్కిరింత ముచ్చటగానే యున్నది గాని వాత్స్యాయనుని ప్రశ్న అట్లే మిగిలియున్నది: ఆనందమునకై యాసపడుటయు ఆసయే కదా. సాంఖ్యులును సుఖమును సత్త్వగుణపు కార్యముగా లెక్కించి ప్రకృతిలోనే విడిచి, పురుషుని కైవల్యమును రుచి లేనిదానిగనే నిలిపిరి. ఈ తగవును తీర్చుట నా శక్తికి మించినది.

రెండవ ప్రశ్నకు గీత సూటిగా చెప్పినంత మఱి యే గ్రంథమును చెప్పలేదు. అశాంతునకు సుఖమెక్కడిదని రెండవ యధ్యాయముననే కృష్ణు డడిగెను. అనగా శాంతి ముందు, సుఖము వెనుక. పదునెనిమిదవ యధ్యాయమున సుఖమును మూడు తెగలు చేసి, మొదట విషమువలె నుండి తుదకు అమృతమగునది సాత్త్వికమనియు, మొదట అమృతమై తుదకు విషమగునది రాజసమనియు, నిద్రాలస్యములనుండి పుట్టునది తామసమనియు చెప్పెను. రాజససుఖమునకు ఈ సీమవారు ఉదాహరణము వెదకుకొననక్కఱలేదు. 1757 జనవరి 24వ తేదీన, ఫ్రెంచిసేనాని బుస్సీ ఫిరంగుల యండతో బొబ్బిలికోటను నేలమట్టము చేయించిన విజయనగరప్రభువు పెదవిజయరామరాజు, ఆ గెలుపును కొలది దినములైన ననుభవింపక తన గుడారమునందే బొబ్బిలివీరుడు తాండ్ర పాపారాయని కత్తికి బలియయ్యెను.

స్థితప్రజ్ఞునకు గీత చూపిన పోలిక తాబేలు. శ్రీకూర్మపు గుడిలో పెంచబడు నక్షత్రతాబేళ్లకు యాత్రికులు ఆకుకూరల కాడలు పెట్టుట చూచినవారికి ఆ పోలిక మఱింత విశదమగును. పిల్ల లెవరైన డిప్పను తాకినచో తలయు కాళ్లును చటుక్కున లోనికి పోవును; సందడి తగ్గగానే ముందు ముక్కు, తరువాత కన్నులు, పిమ్మట మెడయు మెల్లగా వెలికివచ్చి, కాడ నందుకొని నెమ్మదిగా కొఱుకును. ముడుచుకొనుట దానికి చేతనైన విద్య, కాని దినమంతయు ముడుచుకొని యుండుట దాని బ్రతుకు కాదు. గీతయును ఆ వెంటనే, ఉపవాసముచేత విషయములు తొలగునుగాని వానిమీది రుచి తొలగదని యెచ్చరించి, రాగద్వేషములు లేని యింద్రియములతో విషయములలో తిరుగువానికే ప్రసన్నత కలుగునని చెప్పినది. పతంజలియు సంతోషమును ఫలములలో గాక నియమములలో చేర్చి, దానివలన సాటిలేని సుఖము లభించునని సూత్రించెను. శాంతికొఱకు సుఖమును విడువుమని బోధించువారు తాబేలుపోలికను సగమే చదివినవారు.

ఇంతవఱకు చెప్పిన శాస్త్రములన్నింటను నాకొక లోటు కనబడుచున్నది. వానిలోని సుఖియు, ఆనందియు, శాంతుడును ఒంటరివాడు. విజయదశమి వెళ్లిన మంగళవారమున విజయనగరమున పైడితల్లి సిరిమానోత్సవము చూడుడు. చింతమానును చెక్కి చేసిన నిడుపాటి మాను చివర కట్టిన పీఠమున పూజారి కూర్చుండి, కోటకును గుడికిని నడుమ మూడుమార్లు ఊరేగుచుండగా, మేడలమీదను వీధులలోను నిండిన లక్షలజనము అరటిపండ్లు విసరుచు మ్రొక్కుదురు. ఆ తల్లి బొబ్బిలియుద్ధకాలపు విజయనగరరాజగు పెదవిజయరామరాజు సోదరియేనని జనశ్రుతి. అక్కడ కలుగునది ఇంద్రియసుఖమని కొట్టివేయుటకు వీలులేదు. ఒక్కరోజు తిండియు నిద్రయు మాని యెండలో నిలిచినవారే యెక్కువ. శాంతి యనుటకు అంతకన్న వీలులేదు. తన మాట తనకే వినబడదు. ఊరంతయు కలిసి పడు ఈ సంబరమునకు ఆనందవల్లి పట్టికలో గడి లేదు. అక్కడి కొలమానము భూమినంతటిని ఏలు ఒక్క యువకుడు. అతనికి చుట్టములున్నట్లైన ఋషి చెప్పలేదు.

ఒంటరిగా శాంతిని వెదకినవారిలో ఈ సీమకు చెందిన ప్రసిద్ధుడు కావ్యకంఠ గణపతిముని. 1878లో బొబ్బిలి చెంతనున్న కలువరాయిలో అయ్యలసోమయాజులవారి యింట పుట్టి, 1900లో నవద్వీపమున ఆశుకవిత్వముచేత పండితుల నోడించి కావ్యకంఠబిరుదమును గొని, వేదవేదాంగములు, మంత్రశాస్త్రము, జ్యోతిషము చదివి, పలుక్షేత్రములలో తపస్సు చేసి, వేలూరిలో ఉపాధ్యాయుడుగా నుండిన యాయన, 1907 నవంబరు 18వ తేదీన అరుణాచలమున విరూపాక్షగుహకు పోయి, అచట మౌనముగా కూర్చుండు యువకుని పాదములపై వ్రాలెను. చదువవలసినదంతయు చదివితిని, జపము నిండుగ చేసితిని, తపస్సనగా నేమో తెలియలేదని ఆయన మొఱ. నేను నేనను తలపు ఎక్కడ పుట్టుచున్నదో గమనించినచో మనస్సు అచ్చటనే లయించుననియు, అదియే తపస్సనియు ఆ యువకుడు కొంతసేపు మౌనముగా చూచి యుత్తరము చెప్పెను. ఆయనను భగవాన్ రమణమహర్షి యని పిలిచినది గణపతిమునియే.

ఛాందోగ్యమున సనత్కుమారుని చేరిన నారదుడు ఈ కథకు పాతప్రతి. వేదములు మొదలు నక్షత్రవిద్య, సర్పవిద్యలవఱకు తన చదువుల పట్టిక నప్పగించి, అన్నియుండియు శోకము తీరలేదని ఆయన యొప్పుకొనెను. అల్పమున సుఖము లేదు, భూమమే సుఖమను నుపదేశమును పొందెను. నారదుని తరువాతి కథ ఉపనిషత్తు చెప్పదు. గణపతిమునిది మనకు తెలియును. ఆయన 1936లో మరణించువఱకు తపస్సును గాని, స్తోత్రరచనను గాని, దేశోద్ధరణకాంక్షను గాని విడువలేదు. రమణులతో జరిగిన ప్రశ్నోత్తరములను పదునెనిమిది యధ్యాయముల రమణగీతగా కూర్చినదియు ఆయనయే. శాంతినిలయమును చూచి వచ్చియు కోరికలు మానలేదేమని కొందఱు ఆయనను తక్కువగా మాటలాడుదురు. ఆ తీర్పు నాకు రుచింపదు. చల్లబడి చేతులు ముడుచుకొనుటయే శాంతియైనచో గీత యుద్ధభూమిలో పుట్టవలసిన పని లేదు.

సుఖమునుండియే శాంతికి త్రోవ వేయవచ్చునని మనకు చెప్పినవారు ఆలంకారికులు. రసాస్వాదము బ్రహ్మాస్వాదమునకు చేరువైనదని భట్టనాయకుని మతము. మహాభారతమునకు శాంతమే అంగిరసమని ఆనందవర్ధనుడును, తక్కిన రసములన్నియు శాంతమునుండి పుట్టి దానియందే యణగునని అభినవగుప్తుడును సాధించిరి. రూపగోస్వామికి మొదటిమెట్టైనది అభినవగుప్తునకు పునాది. కథ వినువానికి విషయమున్నది గాని స్వామ్యము లేదు. శకుంతల నాది కావలెనని ప్రేక్షకుడు తహతహలాడడు, అయినను రుచి వానికి దక్కును. ఈ సిద్ధాంతమును కాళ్లకు గజ్జెలు కట్టి చూపినవాడు ఆదిభట్ల నారాయణదాసు. 1864లో బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరమున నెలకొన్న విజయరామ గానపాఠశాలకు తొలి యధ్యక్షుడై, హరికథాపితామహుడని పేరొందిన ఆ మహనీయుడు, రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సు అనువానితో ఒక్కసారిగా వేర్వేఱు తాళములు చూపెడివాడని ప్రతీతి. భాగవతపురుషుల కథలు చెప్పిన ఆ నోటితోనే, మధువును క్షణసుఖమును పాడిన ఉమర్ ఖయ్యాము రుబాయీలకు అచ్చతెలుగునను సంస్కృతమునను రూపు దిద్దెను. భక్తుడు ఖయ్యామును ముట్టుట యేమని అడుగువారికి ఆయన జీవితమే సమాధానము. సంగీతము, సాహిత్యము, మంచిభోజనము దేనికిని వెనుదీయని రసికుడు హరినామమును చెప్పుటకు జంకలేదు. (వంశధారాతీరమున పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉండినచో ఇట్టి గ్రాంథికవాక్యములను చూచి నా శాంతిని మాత్రము తప్పక భంగపఱచి యుండెడివారు.)

1909లో వెలువడిన కన్యాశుల్కము రెండవకూర్పున విజయనగరపు గురజాడవారు సుఖము, ఆనందము, శాంతి యను మూటిని మనుష్యులుగా చేసి నిలిపిరి. గిరీశమునకు సుఖము తప్ప వేఱు దేవుడు లేడు. చుట్టకాల్చుట మొదలు వితంతూద్ధరణము వఱకు ఆయనకు ప్రతిదియు దానికే యుపకరణము. సౌజన్యారావుపంతులుది నియమము తెచ్చిపెట్టిన ప్రశాంతి. వేశ్య ముఖము చూడనను పట్టుదలమీద అది నిలిచియున్నది, అనగా గీత హెచ్చరించిన రుచి యింకను మిగిలియున్నది. వేశ్యయగు మధురవాణి మాఱువేషమున ఆయన గడపలోనికి వచ్చి, చేసిన యుపకారమునకు ప్రతిఫలముగా నొక ముద్దు కోరి, ఆయన యొప్పుకొన్న పిమ్మట, చెడనివారిని చెఱుపరాదను తన తల్లిమాట తలచి, దానిని తానే వలదనును. ఆమెకు పంతులుగారు భగవద్గీత నిచ్చుదురు. కోరినది చేతికందిన క్షణమున దానిని విడుచుట కామముచేత దెబ్బతినని శ్రోత్రియునకు చెప్పిన లక్షణము. వేదము చదువ నర్హత లేదని లోకము తేల్చిన స్త్రీకి గురజాడవారు దానిని, గీత యామె చేతికి రాకముందే, కట్టబెట్టిరి. నాటకమున చివరిమాట మాత్రము గిరీశముది. కథ తనకు అడ్డము తిరిగినదని విసుగుకొనుచు అతడు వెడలిపోవును.